అవతలి ఒడ్డు చెయ్యి

మొదటి వారం

ఈ చిట్టా రాయమని, పని పోయినవాళ్ళ కోసం పెట్టిన మలిబాట కేంద్రంలో జోగారావు గారు చెప్పారు. పథకంలో చేరిన ప్రతివాళ్ళూ వారానికొకసారి తమ సంగతులు రాయాలట.

"ఏటి రాయాల బాబూ?" అని అడిగాను.

"ఏం తిన్నారు, ఎలా ఉన్నారు, ఎవరితో మాట్లాడారు... ఏదైనా సరే నూకాలమ్మా. ఒంటరిగా ఉండేవాళ్ళకి ఇది మంచిదని పైవాళ్ళ ఉద్దేశం."

ఎవరు చదువుతారంటే ఆయన నవ్వి ఊరుకున్నారు.

పదో తరగతి దాకా చదివాను కాబట్టి రాయడం కష్టం కాదు. ఎవరితో మాట్లాడానో రాయమంటేనే కష్టం. రేవుమెట్ట కార్మికుల కాలనీలో, మా వీధిలో పొయ్యి వెలిగే ఇల్లు ఇప్పుడు మాది ఒక్కటే. పొద్దున్న నీళ్ళ బండి తనంతట తనే నడుచుకుంటూ వస్తుంది. ఇంటింటి ముందూ ఆగి పేరు పెట్టి పిలుస్తుంది. వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు దానికి ఎవరూ చెప్పినట్టు లేదు. అందరినీ పిలుస్తుంది, కాసేపు చూస్తుంది, కదులుతుంది. మా ఇంటి ముందుకొచ్చేసరికి నేను బిందెతో నిలబడి ఉంటాను.

ఫ్యాక్టరీ సముద్రం దాటి పోయి ఏడాది కావస్తోంది. మొదట మెషీన్లు ఓడెక్కాయి, తర్వాత మనుషులు రైలెక్కారు. మేము చేసేవి గుండె మోటార్లు. బలహీనపడిన గుండెల్లో పెట్టే, బొటనవేలి గోరంత మోటార్లు. వెంట్రుక కంటే సన్నని రాగి తీగ చుట్టాలి. లోపలి వరసలన్నీ మెషీన్ చుడుతుంది గానీ చివరి వరస మాత్రం చేత్తోనే చుట్టాలి. తీగ ఎక్కడ బిగుస్తోందో, ఎక్కడ తెగబోతోందో వేలికి తెలిసినట్టు ఇంకా దేనికీ తెలియదు.

పని పోయినవాళ్ళకి ప్రభుత్వం రెండు దారులు పెట్టింది. ఒకటి, పడమటి ఉప్పు ఎడారికి వెళ్ళి కరెంటు పుట్టించే సూర్యుడి పలకలు తుడవడం. రెండోది, ఇక్కడే ఉండి అవతలి దేశంవాళ్ళకి పని నేర్పడం. రెండో దారికి మా లైనులోంచి నన్నొక్కదాన్నే తీసుకున్నారు. నా మొగుడు పైడిరాజు మొదటి దారి పట్టాడు. చెరొకటీ పట్టుకుందాం, ఏది నిలబడితే ఇద్దరం అటు పోదాం అనుకున్నాం.

అవతలి మనిషి పరీక్ష పాసైతే నాకు కేంద్రంలో నేర్పే పోస్టు ఖాయం చేస్తారు. అప్పుడు పైడిరాజు ఇంటికి వచ్చేయొచ్చు.

రెండో వారం

పని మొదలైంది. కేంద్రంలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక గ్లౌజు. ఉల్లిపొర అంత పల్చగా ఉంటుంది. అది తొడుక్కుంటే సముద్రం అవతల అలాంటిదే తొడుక్కున్న చెయ్యి నా చేతికి తెలుస్తుంది. నేను వేలు వంచితే దాని వేలికి లాగినట్టుంటుంది. అది నొక్కితే నాకు నొక్కినట్టుంటుంది.

మాటలుండవు. బొమ్మ కనిపించదు. ఏ దేశమో, ఆడో మగో, పేరేమిటో చెప్పరు. కంపెనీ పెట్టిన షరతట.

"ఎందుకలగ బాబూ?" అన్నాను జోగారావు గారితో.

"పోయిన చోటివాళ్ళూ వచ్చిన చోటివాళ్ళూ కలిసి మాట్లాడుకోవడం వాళ్ళకి ఇష్టం ఉండదు కదమ్మా" అన్నారాయన. ఆయనదీ కాంట్రాక్టు ఉద్యోగమే. ఎంతమందిని పాస్ చేయిస్తే అంతకాలం ఉంచుతారు.

అవతలి చెయ్యి చిన్నది. ఆడపిల్ల చెయ్యే అని నాకనిపించింది. కానీ పని అస్సలు రావడం లేదు. నేను ఇటు తిప్పితే అది సందేహిస్తూ అటు తిరుగుతుంది. తీగ గాడిలో పడకుండా జారిపోతుంది. మొద్దుపిల్ల అనుకున్నాను.

పదింటికి ఎండ సైరన్ మోగాక ఎవరూ బయట తిరగకూడదు. సాయంత్రం దాకా కేంద్రంలో చల్లగదిలోనే కూర్చుంటాను. ఇదివరకు ఆ గదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. అష్టాచెమ్మా ఆడేవాళ్ళం, పోట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు మిషను చల్లగాలి నా ఒక్కదానికే కొడుతోంది. చలేస్తోందని చెబితే జోగారావు గారు దుప్పటి తెచ్చిచ్చారు.

నాలుగో వారం

మొద్దు నేనే. ఆ పిల్లది ఎడమచేతి వాటం.

మొన్న తీగ జారి పడిపోయింది. వెంటనే అవతలి చెయ్యి పని వదిలేసి ఊరికే వేలాడింది. అంటే ఆ పిల్ల పట్టుకోవడానికి రెండో చెయ్యి చాచింది. జారేదాన్ని మనం ఏ చేత్తో పట్టుకుంటామో అదే మన చెయ్యి. అప్పుడు తట్టింది నాకు. ఇన్నాళ్ళూ చేతగాని చేతికి పని నేర్పుతున్నాను.

జోగారావు గారికి చెప్పాను. ఆయన ఎక్కడెక్కడికో ఫోన్లు చేసి ఇటొకటీ అటొకటీ ఎడమ గ్లౌజు తెప్పించారు. కానీ నాకు ఎడమ చేత్తో ఏ పనీ అలవాటు లేదు. ఇంట్లో పాత రాగి తీగతో కూర్చుని, ఎడమచేత్తో చుట్టడం నాకు నేను నేర్చుకున్నాను. ఈ వయసులో మళ్ళీ ఓనమాలు. ఎడమచేతి వేళ్ళు నొప్పి పుట్టి, పొద్దున్న జడ వేసుకోలేకపోయాను.

ఎడమ గ్లౌజు తొడిగిన మొదటి రోజు పిల్ల చెయ్యి ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత నా అరచేతిలో రెండు వేళ్ళతో టపటపా తట్టింది. అది పని కాదు. పాఠం కాదు. నేనూ తట్టాను.

ఇంటికొచ్చి పైడిరాజుకి ఫోన్ చేసి చెప్పాను.

"మావా, ఈరోజు ఒకలు నాతో మాటాడినారు."

"ఎవులు?"

"తెలీదు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అక్కడ గాలి హోరులో అతని నవ్వు సగమే వినిపించింది.

ఏడో వారం

పిల్ల చెయ్యి పనిలో పడింది. ఇప్పుడు నేను లాగక్కర్లేదు, ఊరికే చెయ్యి పట్టుకుని వెంట నడుస్తాను. ఈ వారం మొదటిసారి ఒక చుట్ట మొత్తం తెగకుండా చుట్టింది. ఆఖరి గాడిలోకి తీగ దిగినప్పుడు దాని వేళ్ళు ఎంత సంబరంగా వణికాయో! కుర్చీలోంచి లేచి ఎగిరినట్టుంది, నా చెయ్యి బల్ల మీంచి పైకి లేచింది. నేను గట్టిగా నవ్వేసరికి జోగారావు గారు తలుపు తీసి చూశారు.

రోజూ పని అయ్యాక గ్లౌజు తీసే ముందు కాసేపు ఆడుకుంటాం. నా అరచేతిలో వేలితో ఏదో గీస్తుంది. ఒకసారి చేప అనుకున్నాను. ఒకసారి ఇల్లు. నేను ముగ్గు గీస్తాను. దానికేమర్థమవుతుందో తెలియదు. అయినా చెయ్యి చాపి ఓపిగ్గా గీయించుకుంటుంది.

పైడిరాజు హుషారుగా ఉన్నాడు. "పరీచ్చ ఎప్పుడు? పని మానీస్తానని నాను ఇక్కడ సెప్పీవొచ్చా?" అంటాడు. భార్యాభర్తలిద్దరూ ఉంటేనే అక్కడ క్వార్టర్ ఇస్తారు. అతని పేరు మీద ఒకటి పట్టి పెట్టారు. నేను రాకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. "పోనీ, ఇచ్చీనీ. నానే ఇంటికొచ్చీస్తాను గదా" అన్నాడు. వస్తూనే పెరట్లో పొట్ల పాదు పెడతానన్నాడు. మన కాలనీ ఉప్పునీటిలో పొట్ల ఎక్కడ బతుకుతుంది అన్నాను. బతికించుకుందాం అన్నాడు.

తొమ్మిదో వారం

పిల్ల తీగలు తెంచుతోంది.

నేను కంగారు పడ్డాను. వచ్చిన పని ఎవరికైనా ఎలా పోతుంది? నిద్ర చాలడం లేదేమో అనుకున్నాను. పరీక్ష దగ్గర పడిందని భయమేమో అనుకున్నాను. కానీ భయపడిన చెయ్యి వణుకుతుంది. ఇది వణకడం లేదు. ఇది నొక్కుతోంది. తీగ పట్టుకోవడానికి పట్టకారు అంత బలం పెడుతోంది. తీగ వేళ్ళ మధ్య ఉందో లేదో తెలియనట్టు.

నాకు అసిరమ్మ గుర్తొచ్చింది.

అసిరమ్మ మా లైనులో నా పక్క కుర్చీ. ఒక ఏడాది కంపెనీ చవక రకం థిన్నర్ తెప్పించింది. పాత చుట్టల మీది వార్నిష్ దాంతో కడిగేవాళ్ళం. కొత్తగా చేరినవాళ్ళకి ఆ పనే ఎక్కువ అప్పజెప్పేవారు. ఉత్త చేతులతో కడగాలి, గదిలో గాలాడదు. ముందు వేలి కొసల్లో చీమలు పాకినట్టుండేది. తర్వాత ఏమీ ఉండేది కాదు. ఒకరోజు అసిరమ్మ అట్లు పోస్తూ పెనం మీద చెయ్యి ఆనించింది. కమురు వాసన వచ్చేదాకా ఆమెకు తెలియలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయింది. కూతురు పెట్టేది.

అప్పుడు మేమందరం బయటికొచ్చి గేటు ముందు కూర్చున్నాం. థిన్నర్ మార్చారు, ఫ్యాన్లు బిగించారు. తర్వాత కొన్నేళ్ళకే ఫ్యాక్టరీ సముద్రం దాటింది. ఆ చవక థిన్నర్ కూడా దాటినట్టుంది.

ఇవాళ పని అయ్యాక గ్లౌజు తీయకుండా నా చూపుడువేలి కొస మీద గోటితో మెల్లగా గీకాను. అది అవతలి వేలి కొసకు తెలియాలి. కదలిక లేదు. గట్టిగా గుచ్చాను. లేదు. వేళ్ళన్నిటి మీదా చూశాను. లేదు. అరచేతిలో గీకాను. చక్కిలిగిలి పెట్టినట్టు చెయ్యి గభాల్న ముడుచుకుంది. నేను ఆడుతున్నాననుకుని రెండు వేళ్ళతో తిరిగి తట్టింది.

పదో వారం

దానికి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. మాట లేదు, బొమ్మ లేదు. చెయ్యి పట్టుకుని అటూ ఇటూ ఊపాను, వద్దు వద్దు అన్నట్టు. వేలి కొసలు ఒక్కొక్కటీ పట్టి నొక్కి, మళ్ళీ ఊపాను. పిల్ల తన పని బాగోలేదని తిడుతున్నాననుకుంది. చుట్టిందంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. ఇంకా జాగ్రత్తగా, ఇంకా గట్టిగా. నేను మళ్ళీ వద్దన్నాను. మళ్ళీ విప్పింది. మూడోసారి చెయ్యి లాక్కుని వెళ్ళిపోయింది. గ్లౌజు నా చేతికి ఉత్త పొరలా మిగిలింది.

పైడిరాజుకి చెప్పాను. అతను ముందు పరీక్ష సంగతే అడిగాడు.

"పరీచ్చ ఎప్పుడు?"

"వొచ్చీ వారం."

"అయిందాక ఆగు. పాసయినాక సెప్పు. ఎవులు కాదన్నారు?"

"వేళ్ళు ఆగవు మావా. పాసయితే లైను మీద కూకోబెడతారు. మరి లెగనివ్వరు."

"ఆ పిల్ల నీకేటవుద్దే? మొహం సూసినావా? పేరు తెలుసా?"

"నీకు అసిరమ్మ తెలుసు గదా."

"తెలుసు!" అని అరిచాడు. ఫోన్లో గాలి హోరు కంటే ఆ అరుపే గట్టిగా వినిపించింది. "అసిరమ్మ తెలుసు. నా బతుకూ నాకు తెలుసు. ఇక్కడ పొద్దున్న లెగిస్తే కళ్ళల్లో ఉప్పు. పక్కనోడి బాస నాకు రాదు, నా బాస ఆడికి రాదు. నాతో మాటాడీది నువ్వొక్కర్తివే. ఇంటికొస్తానని దినాలు లెక్కెట్టుకుంటన్నాను. అది నీకు తెలుసా?"

 అతను ఫోన్ పెట్టేశాడు.

అతనన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. రెండు రోజులు నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. గ్లౌజు తొడుక్కున్నాను, పాఠం చెప్పాను. పిల్ల తిరిగి వచ్చింది, పని చేసింది. ఆడుకునే సమయానికి చెయ్యి ఇవ్వలేదు.

పదకొండో వారం

జోగారావు గారి గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. అంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నూకాలమ్మా, మీరు చెప్పింది నేను పైకి పంపితే పరీక్ష ఆగిపోతుంది. పరీక్ష ఆగితే మీ పోస్టు ఆగిపోతుంది. పథకం కింద మీకొచ్చే డబ్బు సాయం కూడా ఆపేస్తారు. ముందు ఆ మాట మీకు చెప్పడం నా ధర్మం."

"తెలుసు బాబూ."

"ఆ అమ్మాయి ఉద్యోగం పోవచ్చు. చెయ్యి పనికిరాదని బయటికి పంపేస్తే? మీరు మేలు చేశాననుకుంటారు. ఆవిడ ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది."

ఆ మాట నేనూ అనుకున్నదే. 

"వేళ్ళుంటే ఇంకో పని దొరుకుతాది బాబూ. వేళ్ళు పోతే ఏ పనీ దొరకదు. తొందరగా మానిపిస్తే కొందరికి స్పర్శ తిరిగొచ్చింది, నాను సూసినాను. ఆలీసెమైన అసిరమ్మకే రాలేదు."

 బయట ఎండ సైరన్ మోగింది. "నా కాంట్రాక్టు గడువు కూడా వచ్చే నెలే" అన్నారాయన, నాతో కాదు, తనతో తానే. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని, "మీరు చెప్పండి, నేను మీ మాటల్లోనే రికార్డు చేస్తాను. చివర్న నా పేరు కూడా చెబుతాను. ఒక్కరి మాట కంటే ఇద్దరి మాట నయం" అన్నారు.

చెప్పాను. ఆ సాయంత్రమే పాఠాలు ఆపమని పైనుంచి వచ్చింది. ఇంకొక్కసారి గ్లౌజు తొడుక్కోనివ్వమని అడిగాను. అప్పటికే గ్లౌజు కనెక్షన్ తీసేశారు.

పన్నెండో వారం

ఏమీ లేదు.

బల్ల తీసుకెళ్ళారు. సాయం ఆపేశారు. చల్లగదిలో కూర్చోవడానికి మాత్రం జోగారావు గారు రమ్మంటున్నారు. వెళ్తున్నాను. ఊరికే కూర్చుంటే ఎడమచెయ్యి దానంతట అదే కదులుతోంది, చీర అంచు పట్టుకుని తీగ చుట్టినట్టు చుడుతోంది. కుడిచేత్తో దాన్ని పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంటున్నాను.

పైడిరాజు ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తకపోయినా రోజూ మోగనిస్తున్నాను.

ఆ పిల్ల ఏమనుకుంటోందో. పని రానివ్వలేదని, ఉద్యోగం తీయించిందని నన్ను తిట్టుకుంటోందేమో. నేనెవరో తనకీ తెలియదు కదా. తిట్టుకోవడానికి పేరు కూడా లేదు.

పదమూడో వారం

జోగారావు గారు తలుపు దగ్గరే నిలబడి చెప్పారు. మా రికార్డు విని అవతల ఆ దేశపు కార్మిక శాఖవాళ్ళు వెళ్ళి చూశారట. నేర్చుకునేవాళ్ళందరి చేతులూ పరీక్ష చేశారట. చాలామందికి వేలి కొసలు మొద్దుబారి ఉన్నాయి. థిన్నర్ డబ్బాలు సీలు వేశారు. చేతులు పాడైనవాళ్ళని ఆసుపత్రికి పంపారు. బాగయ్యేదాకా జీతం కంపెనీయే ఇవ్వాలన్నారు. కంపెనీ ఒప్పుకుందో లేదో ఇంకా తెలియదు. లైనును మరో దేశానికి మార్చేస్తామని బెదిరిస్తోందట.

"మా పిల్లో?"

"పేర్లు ఇవ్వలేదమ్మా."

"పేరు నాకూ తెలీదు గదా బాబూ. ఎడమచేతి వాటం పిల్ల."

"అడిగాను" అన్నారాయన. "అలాంటివాళ్ళు ముగ్గురున్నారట. ముగ్గురూ ఆసుపత్రిలోనే ఉన్నారు."

ముగ్గురిలో ఎవరైనా సరే, ఆసుపత్రిలోనే ఉంది. నాకది చాలు. చాలదు కానీ, అంతకంటే దొరకదు.

ఆయన కాంట్రాక్టు పొడిగించలేదని మాటల మధ్యలో చెప్పారు. మీదేం తప్పు అన్నాను. ఇద్దరం చెరొక గ్లాసు టీ తాగాం.

పద్నాలుగో వారం

నిన్న పైడిరాజు ఫోన్ చేశాడు.

"క్వార్టర్ వేరేవోళ్ళకి ఇచ్చీసినారు" అన్నాడు ముందుగా.

"మరి?"

"మగోళ్ళు పడుకునీ బారకాసు ఏరే, ఆడోళ్ళది ఏరే. మద్దిన కంచె ఉంటాది. పొద్దోతే బోయనాల కాడ అందరూ ఒక్కసోటే కూకుంటారు. ఆడోళ్ళకి పలకలు తుడిసీ పని ఉంది. నాను కనుక్కున్నాను."

 తర్వాత పిల్ల సంగతి అడిగాడు.

"ఆ పిల్ల సేతులు బాగున్నాయా?"

ఆసుపత్రి సంగతి చెప్పాను. లైను మళ్ళీ మారుస్తారేమోనన్న సంగతి కూడా చెప్పాను. "అయితే ఆలకీ మనలాగే రెండు దార్లు పెడతారేటో" అన్నాడు. 

"కోపం పోనాదా మావా?"

"పోలేదు. ఎలాగ పోతాది? పొట్ల పాదు దాకా ఆలోసించీసుకున్నాను." మళ్ళీ తనే అన్నాడు. "ఫోన్లో తిట్టుకుంటే బాగులేదే. నువ్వేటన్నావో సగం ఇనబడదు. వొచ్చీయ్. ఇక్కడ ఎదురెదురుగా కూకుని తిట్టుకుందాం."

సరేనన్నాను.

పడమటి బండిలో చోటు ఉందో లేదో కనుక్కోమన్నాడు. ఇవాళ పొద్దున్నే స్టేషనుకి వెళ్ళి రేపటి బండికి అడిగాను. ఉంది.